మావాడు కాలేజీ ఫుట్‌బాల్ కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడు, లోపలి సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

ఒహాయో_శ్రీధర్
మావాడు ఈ మేలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ పూర్తి చేస్తాడు. ఒక కంపెనీ ఆఫర్ చేతిలో ఉంది, జీతం బాగానే ఇస్తున్నారు. అది కాదని, వేరే రాష్ట్రంలో ఒక చిన్న యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతానంటున్నాడు. సాకర్ కాదు, ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్. హైస్కూల్లో ఆడాడు. కాలేజీలో ఆడే ఒళ్ళు కాదు వాడిది, కానీ చదివినన్నాళ్ళూ జట్టు దగ్గర స్టూడెంట్ మేనేజర్‌గా పనిచేశాడు. చలికాలంలో తెల్లారకముందే లేచి వెళ్ళేవాడు, విసుక్కోగా ఎప్పుడూ చూడలేదు.

వాడికి అడ్డం పడాలని కాదు నా ఉద్దేశం. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు మనవాళ్ళలో నాకెవరూ తెలీదు. జీతం ఎంతుంటుంది, ఉద్యోగం నిలుస్తుందా, నలభై ఏళ్ళొచ్చేసరికి మనిషి ఎక్కడ తేలతాడు? టీవీలో కనిపించే హెడ్ కోచ్‌ల సంగతి అందరికీ తెలుసు. వాళ్ళ వెనక హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడేవాళ్ళ సంగతి నాకు కావాలి.

గోదారోడు
హెడ్డింగులో కోచింగ్ అని చూసి సగంమంది ఐఐటీ గొడవనుకుని వచ్చుంటారు :) 
సరే గానండీ, ఆ కంపెనీవాళ్ళని చేరే తేదీ ఒక ఏడాది వెనక్కి జరపమని అడగండి. ఒప్పుకునే కంపెనీలున్నాయి. ఇటు చూసుకుని అటు తేల్చుకోవచ్చు.

ప్లేబుక్_పిచ్చోడు
శ్రీధర్ గారూ, ముందు మెట్లు చెప్తాను. అడుగున స్టూడెంట్ మేనేజర్, అది మీవాడు దాటేశాడు. తర్వాతది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అందరూ జీఏ అంటారు. ఏదో ఒక మాస్టర్స్‌లో చేరాలి, ఫీజు మామూలుగా యూనివర్సిటీయే చూసుకుంటుంది, చేతికి కొద్దిపాటి స్టైపెండ్ వస్తుంది. సాధారణంగా రెండేళ్ళు. అక్కణ్ణుంచి క్వాలిటీ కంట్రోల్ లేదా ఎనలిస్ట్, అంటే వీడియో చూసి ఆటని విశ్లేషించే పని. ఆపైన పొజిషన్ కోచ్, అంటే ఒక్కో స్థానంలో ఆడేవాళ్ళకి ఒక్కొక్కరు, లైన్‌బ్యాకర్లకి ఒకాయన, రిసీవర్లకి ఒకాయన, అలాగ. వాళ్ళ మీద బంతితో దాడి చేసే ఒఫెన్స్‌కీ, దాన్ని ఆపే డిఫెన్స్‌కీ కోఆర్డినేటర్లు. అందరి మీదా హెడ్ కోచ్.

పెద్ద డివిజన్ ఎఫ్‌బీఎస్‌లో మైదానంలో నేర్పించే అసిస్టెంట్లు చాలాకాలం తొమ్మిది మందే. 2018 నుంచి పదో మనిషికి కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. ఎనలిస్టులు ఆఫీసులో వీడియో చూసి కాగితం రాసివ్వాలి తప్ప మైదానంలో ఆటగాడికి నేర్పించకూడదు. 2024 వేసవిలో ఆ గోడ తీసేశారు. ఇప్పుడు స్టాఫ్‌లో ఎవరైనా నేర్పించొచ్చు. ఊళ్ళమ్మట తిరిగి హైస్కూల్ ఆటగాళ్ళని రిక్రూట్ చేసేవాళ్ళ సంఖ్యకి మాత్రం హద్దు అలాగే ఉంది. కింది మెట్టు మీదున్న కుర్రాళ్ళకి ఇది చాలా పెద్ద మార్పు, మీవాడు మంచి కాలంలోనే వస్తున్నాడు.

మెట్లన్నాను గానీ ఇవి ఎప్పుడూ పైకే వెళ్ళవు. ఇవాళ జార్జియా హెడ్ కోచ్ కిర్బీ స్మార్ట్‌ని చూడండి. 2001లో వాల్డోస్టా స్టేట్ అనే చిన్న కాలేజీలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్. ఆ వెంటనే ఫ్లోరిడా స్టేట్‌లో జీఏగా చేరాడు. కోఆర్డినేటర్ హోదా వదిలేసి మళ్ళీ అడుగు మెట్టు మీద కూర్చున్నాడన్నమాట. 2004లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)లో హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్. మరుసటేడు జార్జియాలో రన్నింగ్ బ్యాక్స్. ఆ తర్వాత ఒక సీజన్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మయామీ. 2007 నుంచి 2015 దాకా అలబామా. 2016లో జార్జియా హెడ్ కోచ్, 2021, 2022 జాతీయ టైటిళ్ళు. 2000 నుంచి 2007 మధ్య ఆ మనిషి ఎన్ని ఇళ్ళు మారుంటాడో లెక్కేసుకోండి.

లెక్కల_మాస్టారు
జీతాల మాట నేను చెప్తా. ప్రభుత్వ యూనివర్సిటీలు కాబట్టి చాలామటుకు పబ్లిక్ రికార్డే, యూఎస్‌ఏ టుడే ఏటా జాబితా వేస్తుంది. పైకొసన జిమ్ నోల్స్‌ని చూడండి. 2024 సీజన్‌లో ఒహాయో స్టేట్ డిఫెన్స్ నడిపి జాతీయ టైటిల్ గెలిచి, ఆ వెంటనే పెన్ స్టేట్‌కి వెళ్ళాడు. ఏడాదికి సుమారు 31 లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. అసిస్టెంట్‌కి! హెడ్ కోచ్‌కి కాదు.

ఇప్పుడు అదే కథ రెండో సగం. ఆయన్ని తెచ్చుకున్న పెన్ స్టేట్ హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని 2025 అక్టోబర్‌లో, సీజన్ సగంలోనే తీసేశారు. అప్పటికి నోల్స్ ఆ ఊళ్ళో దిగి ఏడాది కూడా కాలేదు. ఈ ఉద్యోగం మొత్తం ఇంతే శ్రీధర్ గారూ. మీ పని మీరు ఎంత బాగా చేసినా, మీ కుర్చీ ఇంకొకాయన కుర్చీకి కట్టేసి ఉంటుంది. కొత్త హెడ్ కోచ్ వస్తూ తన మనుషుల్ని తెచ్చుకుంటాడు.

తీసేసేటప్పుడు కూడా తేడా చూడండి. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ జింబో ఫిషర్‌ని పంపించినప్పుడు ఆయనకి ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. పొజిషన్ కోచ్‌ల కాంట్రాక్టులు చాలాచోట్ల ఏడాదికో రెండేళ్ళకో. అందులోనూ మీకు వేరే ఉద్యోగం దొరికితే ఆ జీతం మేరకు మేమిచ్చేది తగ్గిస్తామనే షరతు రాయడం మామూలే.

వరంగల్_కిరణ్
ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు అన్నా. కాలేజీల ఆడనోడు చెప్తే ఆ ఆరున్నర అడుగుల పోరగాళ్ళు ఇంటరా? క్రికెట్ల అయినా రంజీ కూడ ఆడనోని మాట నెట్స్‌ల ఎవరు పట్టించుకుంటరు? పోరడు మంచిగ చదువుకున్నడు. ఆ ఉద్యోగం చేస్కుంట శనివారం ఆట చూడమను.

ప్లేబుక్_పిచ్చోడు
@వరంగల్_కిరణ్ తమ్ముడూ, ఇక్కడే నేను ఒప్పుకోను. మైక్ లీచ్ కాలేజీ ఫుట్‌బాల్ ఆడనేలేదు. బ్రిగమ్ యంగ్‌లో చదివి, పెపర్‌డైన్‌లో లా డిగ్రీ తీసుకుని, వకీలు కావాల్సినవాడు 1987లో కాల్ పాలీలో అసిస్టెంట్‌గా చేరాడు. ఫిన్లాండ్ వెళ్ళి అక్కడి జట్టుకి కూడా కోచ్‌గా చేశాడు. అయోవా వెస్లియన్, వాల్డోస్టా స్టేట్, కెంటకీ, ఈ మూడు చోట్లా హెడ్ కోచ్ హాల్ మమ్మీ వెంటే ఉన్నాడు. వాళ్ళిద్దరూ కలిసి తీర్చిన, ఎక్కువగా బంతి విసిరే ఎయిర్ రెయిడ్ ఆటతీరు ఇవాళ హైస్కూల్ జట్ల దాకా పాకింది. తర్వాత 1999లో ఒక్క ఏడాది ఒక్లహోమా కోఆర్డినేటర్, 2000లో టెక్సస్ టెక్ హెడ్ కోచ్. 2022 డిసెంబర్‌లో చనిపోయేనాటికి మిసిసిపీ స్టేట్ హెడ్ కోచ్‌గా ఉన్నాడు.

ఇంకొకాయన టోనీ ఎలియట్. ఈయన క్లెమ్సన్‌లో ఆడాడు, అది నిజమే. కానీ చదివింది ఏంటనుకున్నారు? ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్! మిషెలిన్ టైర్ల కంపెనీలో ఇంజినీర్‌గా చేరి, అది వదిలేసి 2006లో సౌత్ కరొలైనా స్టేట్‌లో రిసీవర్ల కోచ్ అయ్యాడు. 2017లో బ్రాయిల్స్ అవార్డు తీసుకున్నాడు. దేశం మొత్తంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కి 1996 నుంచి ఇస్తున్న అవార్డది. ఇప్పుడు వర్జీనియా హెడ్ కోచ్. శ్రీధర్ గారు ఇది వాళ్ళింట్లో చదివి వినిపించాలి.

వరంగల్_కిరణ్
లీచ్ ఒక్కడు అయిండని అందరు అయితరా అన్నా. అయినోళ్ళ పేర్లే మనకు తెలుస్తయి. కానోళ్ళ పేర్లు ఎవరు రాస్తరు?

లెక్కల_మాస్టారు
కిరణ్ మాటలో బలం ఉంది. ఎఫ్‌బీఎస్ జట్లు నూట ముప్ఫై పైచిలుకు. హెడ్ కోచ్ కుర్చీలూ అన్నే. ఆ కుర్చీ కోసమే ఇందులోకి దిగితే మాత్రం నేను వద్దనే అంటాను. అసిస్టెంట్‌గానే బతుకంతా గడిచిపోయినా సరే అనుకునేవాడైతే వేరే మాట.

అట్లాంటా_పద్మ
మా పక్కింటివాళ్ళ గురించి చెప్తా, ఏ కాలేజీ అన్నది వద్దులెండి. ఆయన ఒక జట్టులో పొజిషన్ కోచ్. మా అమ్మాయి, వాళ్ళమ్మాయి ఒకే క్లాసు. నవంబర్ చివర్లో ఒక ఆదివారం హెడ్ కోచ్‌ని తీసేసినట్టు ఫోన్లో వార్త వచ్చింది. ఆవిడ మా వంటింట్లో నిలబడి ఉండగానే చూసుకుంది, ఇంకా వాళ్ళాయన ఫోన్ చెయ్యలేదు. జనవరిలో ఆయన వేరే రాష్ట్రంలో చేరిపోయాడు. ఆవిడా పిల్లలూ స్కూల్ అయ్యేదాకా జూన్ వరకూ ఇక్కడే. ఇల్లు అమ్మడం, డెంటిస్ట్ దగ్గర పిల్లల కాగితాలు తీసుకోవడం, మూవర్స్‌తో బేరం, అన్నీ ఆవిడే. అడిగితే ఇలా మారడం కొత్త కాదంది. అటకెక్కించాల్సిన అట్టపెట్టెలు ఎప్పుడూ మడిచి గరాజ్‌లోనే పెట్టుకుంటుందట.

ఆయన మంచివాడు, పిల్లలంటే ప్రాణం. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ఇంట్లో కనిపించడు, అంతే. గురువారం రాత్రి మాత్రం జట్టువాళ్ళు కుటుంబాల్ని పిలిచి అక్కడే భోజనం పెట్టేవారు. పిల్లలు నాన్నతో కూర్చుని తినే పూట వారంలో అదొక్కటే.

శారద_సిన్సినాటి
పద్మ గారు చెప్పింది చదివాక అడుగుతున్నా. ఫుట్‌బాల్ కోచ్ అని చెప్తే మనవాళ్ళలో సంబంధాలొస్తాయా శ్రీధర్ గారూ? సాఫ్ట్‌వేర్ కుర్రాడికే ఏ సిటీ, ఏ కంపెనీ, రిమోటా కాదా అని వంద ప్రశ్నలు.

గోదారోడు
ఎందుకు రావండీ. గురువారం భోజనం కూడా వాళ్ళే పెడుతున్నారుగా, కట్నం కింద రాసేసుకోవచ్చు :)

వీడియో_రూమ్_వంశీ
నేను ఒక పెద్ద జట్టు వీడియో విభాగంలో చదువుకునే రోజుల్లో పనిచేశాను, తర్వాత ఒక ఏడాది జీఏగా కూడా. ఆ జట్టు పేరు చెప్పను. జీఏ రోజంతా ఏం చేస్తాడో చెప్తా, అప్పుడు మీవాడి సంగతి మీకే తెలుస్తుంది.

శనివారం ఆట ముగిసిన రాత్రే మన వీడియో ముక్కలు ముక్కలుగా కోసి పెట్టాలి. ప్రతి ప్లేకీ, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, ఎన్నో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు, ఏ హ్యాష్ మీద (బంతి పెట్టే గీత), ఏ ఫార్మేషన్ (నిలబడే తీరు), ఎవరెవరు మైదానంలో ఉన్నారు, అన్నీ టైపు చెయ్యాలి. ఆదివారం పొద్దున కోచ్‌లు వచ్చేసరికి అది తయారుగా ఉండాలి. వాళ్ళు ప్రతి ఆటగాడికీ ప్రతి ప్లే మీదా మార్కులు వేస్తారు. మధ్యాహ్నం నుంచి వచ్చే వారం ప్రత్యర్థి. సోమవారం రాత్రికి ప్లాన్ ఒక రూపానికి వస్తుంది. చాలా జట్లలో మంగళవారం ఫస్ట్ డౌన్, సెకండ్ డౌన్ ప్లేలు, బుధవారం థర్డ్ డౌన్, గురువారం రెడ్ జోన్, అంటే గోల్ గీతకి ముందు చివరి 20 గజాలు.

ఇందులో జీఏకి దక్కే గొప్ప పని కార్డులు. ప్రత్యర్థి ఆడే ప్లేలని అట్టముక్కల మీద గియ్యాలి, ఒక్కో ప్లేకి ఒక్కో కార్డు. మనవాళ్ళకి ఒక రంగు, వాళ్ళకి ఒక రంగు. వలయంలో జెర్సీ నంబర్, బాణం గీసి ఎవడు ఎటు పరిగెత్తాలో. ప్రాక్టీసులో ప్రత్యర్థిలా ఆడే స్కౌట్ టీమ్ కుర్రాళ్ళు చుట్టూ మూగితే ఆ కార్డు తల మీదకెత్తి పట్టుకోవాలి. వాళ్ళకి చూసుకోడానికి దొరికేది కొన్ని సెకన్లే. బాణం కొంచెం వంకర పోయిందా, స్కౌట్ టీమ్ గార్డ్ తప్పు వైపు పరిగెత్తుతాడు, మన లైన్‌బ్యాకర్ తప్పు ఆటకి అలవాటు పడతాడు, శనివారం అదే చోట టచ్‌డౌన్ పడుతుంది. అందుకే మా కోఆర్డినేటర్ ప్రతి కార్డూ తన చేత్తో తిరగేసేవాడు, నచ్చకపోతే చించి బుట్టలో వేసేవాడు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లోనే గీసి ప్రింటు తీస్తారు, పని మాత్రం అదే.

ఆటగాళ్ళని సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి వాడుకోకూడదని ఎన్‌సీఏఏ నిబంధన. కోచ్‌లకి అలాంటిదేం లేదు. నాతో చేసినవాళ్ళలో ఆ గదిలో సోఫా మీద పడుకోనివాళ్ళు లేరు. నేను మానేసి ఇప్పుడు ఒక ఆసుపత్రుల సంస్థలో డేటా పని చేస్తున్నాను. మానేసినందుకు బాధ లేదు, చేసినందుకు అంతకన్నా లేదు. ఒక మనిషి తన పని ఎంత శ్రద్ధగా చెయ్యొచ్చో నేను అక్కడే చూశాను.

ఒహాయో_శ్రీధర్
వంశీ గారూ, ఇది చదివి వినిపిస్తే మావాడు లోపలికెళ్ళి తను గీసిన కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. మేనేజర్‌గా ఉండగానే జీఏలకి సాయంగా గీసేవాడట. ఇన్నాళ్ళూ అవి మాకు చూపించలేదు. వాళ్ళమ్మ ఒక్కొక్కటే తిరగేసి చూసింది.

ఇంకో ప్రశ్న. రిక్రూటింగ్ అంటారు, అది కూడా వీళ్ళ పనేనా?

ప్లేబుక్_పిచ్చోడు
సగం పని అదే. ఒక్కో అసిస్టెంట్‌కి ఒక్కో ప్రాంతం అప్పజెప్తారు. ఈయనకి హ్యూస్టన్, ఆయనకి దక్షిణ ఫ్లోరిడా, ఇలా. పిల్లవాడి ఇంటికెళ్ళి వాళ్ళమ్మా నాన్నల్ని ఒప్పించేది ముందు ఆ అసిస్టెంటే. ఎప్పుడు కలవొచ్చు, ఎప్పుడు కలవకూడదు అన్నదానికి ఎన్‌సీఏఏ క్యాలెండర్ ఉంది. జీఏలకి బయటికెళ్ళి రిక్రూట్ చేసే అనుమతి ఉండదు, అది పొజిషన్ కోచ్ అయ్యాకే.

2017 నుంచి హైస్కూల్ కుర్రాళ్ళు కాలేజీతో చేసే సంతకాలు డిసెంబర్‌కి వచ్చేశాయి. 2018లో కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్, 2021లో ఆటగాళ్ళకి తమ పేరూ బొమ్మా అమ్ముకునే హక్కు, 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వడం. ఒకప్పుడు కుర్రాణ్ణి ఒక్కసారి ఒప్పిస్తే సరిపోయేది. ఇప్పుడు ఏటా ఒప్పించుకోవాలి, తన జట్టులో ఉన్నవాణ్ణి కూడా.

ఫ్రిస్కో_సుజాత
నేను ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. జనవరి వచ్చిందంటే మా స్కూల్ ఆఫీసు ముందు రకరకాల కాలేజీల చొక్కాలు వేసుకున్న కోచ్‌లు వరసగా కనిపిస్తారు. వాళ్ళలో మంచివాళ్ళు ముందు మా హెడ్ కోచ్‌ని కలిసి, తర్వాత కౌన్సెలర్ దగ్గరికెళ్ళి, ఆ తర్వాత మా దగ్గరికి కూడా వస్తారు. ఒకాయన నన్ను అడిగింది మార్కుల గురించి కాదు. ‘పరీక్ష పాడైపోయిన మర్నాడు ఆ అబ్బాయి క్లాసులో ఎక్కడ కూర్చుంటాడు?’ అని అడిగాడు. నేను ఆలోచించి, ముందు బల్ల మీదకే వస్తాడని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. కాఫీ మెషీన్ దగ్గర క్లీనింగ్ చేసే ఆవిణ్ణి కూడా ఆ అబ్బాయి గురించి అడగడం చూశాను.

ఆ కుర్రాడు ఆ కాలేజీకే వెళ్ళాడు. మొదటి ఏడాది పూర్తికాకుండానే ఆ కోచ్ ఇంకో కాలేజీకి వెళ్ళిపోయాడు. ఆ తల్లి ఎంత బాధపడిందో నాకు తెలుసు. మా అబ్బాయిని మీ చేతుల్లో పెడుతున్నానని ఆయనకి చెప్పి పంపిన మనిషి ఆవిడ. ఇందులో తప్పెవరిదంటే నేను చెప్పలేను గానీ, శ్రీధర్ గారబ్బాయి ఈ పనిలోకి వెళ్తే ఏదో ఒకరోజు అలాంటి తల్లికి తనే సమాధానం చెప్పుకోవాలి. అది ఇప్పుడే తెలిసుండాలి.

శారద_సిన్సినాటి
ఇది నేను ఆలోచించనే లేదు.

డెట్రాయిట్_మురళి
వంశీ గారూ, ఏ ప్లే ఆడాలో చెప్పడానికి మైదానం పక్కన రంగురంగుల బోర్డులు పట్టుకుని సైగలు చేసేది కూడా జీఏలేనా? 2023లో మా మిషిగన్ మీద సైగలు దొంగిలించారని అంత గొడవ చేశారు కదా.

ఒహాయో_శ్రీధర్
@డెట్రాయిట్_మురళి ఒహాయోవాళ్ళ ఇంట్లో మిషిగన్ పేరెత్తకూడదు :)

వీడియో_రూమ్_వంశీ
జీఏలూ చేసేవారు, పక్కన కూర్చునే క్వార్టర్‌బ్యాక్‌లూ చేసేవారు. 2024 నుంచి ఎఫ్‌బీఎస్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే రేడియో పెట్టుకోనిచ్చారు. ప్లే మొదలెట్టడానికి ఉండే గడువు (ప్లే క్లాక్) 15 సెకన్లకి రాగానే అది ఆగిపోతుంది. సైగలు పూర్తిగా పోలేదు గానీ తగ్గాయి.

లెక్కల_మాస్టారు
అందరూ గుండె కరిగే మాటలు చెప్తున్నారు, నేను మళ్ళీ డబ్బుకే వస్తా. చిన్నవాళ్ళ చేత చవగ్గా పని చేయించుకోవడం కాలేజీ క్రీడల్లో పాత జబ్బు. 1990ల్లో బాస్కెట్‌బాల్‌తో సహా పలు ఆటల్లో ఒక రకం అసిస్టెంట్ కోచ్‌లకి ఏడాదికి 16,000 డాలర్లకి మించి ఇవ్వకూడదని ఎన్‌సీఏఏ రూల్ పెట్టింది. కోచ్‌లు కోర్టుకెక్కారు. పోటీ చట్టానికి విరుద్ధమని 1998లో అప్పీల్ కోర్టు తేల్చింది, 1999లో ఎన్‌సీఏఏ 5.45 కోట్ల డాలర్లకి రాజీపడింది. జీఏ పద్ధతి అదే కాదు, కానీ స్టైపెండ్‌ని ఆ పనిగంటలతో భాగించి చూడండి. కోట్ల టీవీ డబ్బు వచ్చే చోట ఇది న్యాయం కాదు. కుర్రాడికి ఇష్టం ఉంది కదా అని మనం దీన్ని త్యాగమని పొగడక్కర్లేదు.

వీడియో_రూమ్_వంశీ
మాస్టారూ, నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. కింద చేసేవాళ్ళకి ఇల్లు గడిచే జీతం లేకపోతే, ఇంట్లోంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్ళే ఈ మెట్టు దాటతారు. ఎంతో తెలివైన కుర్రాళ్ళు నా కళ్ళ ముందే అద్దె కట్టలేక మానేశారు.

అట్లాంటా_పద్మ
ఒకేచోట ఉండిపోయినవాళ్ళు అసలు లేరా? అందరూ ఊళ్ళు మారాల్సిందేనా?

ప్లేబుక్_పిచ్చోడు
@అట్లాంటా_పద్మ ఉన్నారండి, నాకు ఈ ఆటలో అందరికన్నా ఇష్టమైనవాళ్ళు వాళ్ళే. బడ్ ఫాస్టర్. మరే స్టేట్‌లో ఫ్రాంక్ బీమర్ దగ్గర మొదలుపెట్టి, 1987లో ఆయన వెంట వర్జీనియా టెక్ వచ్చాడు. 1995లో డిఫెన్స్ పగ్గాలు అందుకున్నాడు. 2006లో బ్రాయిల్స్ అవార్డు. బీమర్ రిటైరయ్యాక వచ్చిన కొత్త హెడ్ కోచ్ కూడా ఆయన్ని వదులుకోలేదు, 2019 సీజన్ దాకా అక్కడే. 33 సీజన్లు ఒకే ఊరు! ఫ్లోరిడా స్టేట్‌లో మికీ ఆండ్రూస్ కూడా 1984 నుంచి 2009 దాకా బాబీ బౌడెన్ పక్కనే. మొట్టమొదటి బ్రాయిల్స్ అవార్డు ఆయనకే. ఇలాంటివాళ్ళు కదలకుండా ఉన్నారంటే వాళ్ళ హెడ్ కోచ్‌లు కూడా కదల్లేదు కాబట్టి. అది ఇప్పుడు అరుదు.

మధ్యలో తెగిపోయి మళ్ళీ అతుక్కున్న కథ కూడా చెప్తా. డాబో స్వినీ అలబామాలో అసిస్టెంట్. 2000 సీజన్ తర్వాత హెడ్ కోచ్‌తో పాటు స్టాఫ్ అంతా పోయింది. బర్మింగ్‌హామ్‌లో రెండేళ్ళు కమర్షియల్ రియల్ ఎస్టేట్‌లో పనిచేశాడు. 2003లో క్లెమ్సన్ రిసీవర్ల కోచ్‌గా పిలిచింది. 2008 అక్టోబర్‌లో సీజన్ మధ్యలో తాత్కాలిక హెడ్ కోచ్‌ని చేశారు, కోఆర్డినేటర్ కూడా కాని మనిషిని. 2016, 2018 జాతీయ టైటిళ్ళు గెలిచాడు.

డెట్రాయిట్_మురళి
తిరగబడ్డ కథ కూడా ఉంది. న్యూ హాంప్‌షైర్‌లో చిప్ కెల్లీ దగ్గర క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన కుర్రాడు రయన్ డే. 2024లో అదే కెల్లీ యూసీఎల్‌ఏ హెడ్ కోచ్ పదవి వదిలేసి, ఒహాయో స్టేట్‌లో ఆ డే కిందే కోఆర్డినేటర్‌గా చేరాడు. ఆ సీజన్‌లోనే టైటిల్ గెలిచారు. మావాళ్ళ చేతిలో ఓడిపోయాక గెలిచారు, అది వేరే మాట :)

వరంగల్_కిరణ్
తండ్రి హెడ్ కోచ్, కొడుకు కోఆర్డినేటర్ అయితే అన్ని కష్టాలు తీరుతయి కదా. అయోవాల గట్లనే ఉండె.

లెక్కల_మాస్టారు
తీరలేదు కిరణ్! కర్క్ ఫెరెంజ్ హెడ్ కోచ్, కొడుకు బ్రయన్ ఒఫెన్స్ కోఆర్డినేటర్. 2023లో బ్రయన్ జీతం 50,000 డాలర్లు తగ్గించి, జట్టు సగటున ఆటకి 25 పాయింట్లు చెయ్యాలి, ఏడు ఆటలు గెలవాలి అని కాంట్రాక్టులోనే రాశారు. ఆ ఏడాది జట్టు పది ఆటలు గెలిచింది, సగటు మాత్రం 16 కూడా దాటలేదు. సీజన్ పూర్తవకముందే అక్టోబర్‌లో, ఈ ఏడాదితో సరి అని చెప్పేశారు. తండ్రి పక్కనే ఉన్నా ఆపలేకపోయాడు.

శారద_సిన్సినాటి
ఇంకొకటి. ఇందులో ఆసియావాళ్ళని పైకి రానిస్తారా?

ప్లేబుక్_పిచ్చోడు
@శారద_సిన్సినాటి మార్కస్ ఫ్రీమన్ ఉన్నాడు కదండీ, మీ సిన్సినాటిలోనే నాలుగేళ్ళు డిఫెన్స్ నడిపాడు. తండ్రి నల్లజాతి, తల్లి కొరియా నుంచి వచ్చినావిడ. 2010లో ఒహాయో స్టేట్‌లో జీఏ, తర్వాత కెంట్ స్టేట్, పర్డూ, సిన్సినాటి, 2021లో నోటర్‌డేమ్ డిఫెన్సివ్ కోఆర్డినేటర్. ఆ సీజన్ చివర్లో హెడ్ కోచ్ ఎల్‌ఎస్‌యూకి వెళ్ళిపోతే ఈయన్నే కూర్చోబెట్టారు. 2025 జనవరిలో జట్టుని జాతీయ ఫైనల్‌కి తీసుకెళ్ళాడు, ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడారు. ఆ ఫైనల్‌కి చేరిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్, మొదటి ఆసియన్ అమెరికన్ హెడ్ కోచ్ కూడా ఆయనే. ఆటగాళ్ళలో నల్లజాతి కుర్రాళ్ళు ఇంతమంది ఉండే ఆటలో 2025 దాకా పట్టిందంటే దారి అందరికీ ఒకేలా లేదని తెలుస్తూనే ఉంది.

ఒహాయో_శ్రీధర్
అందరివీ మళ్ళీ మళ్ళీ చదివాం. వాడు వెళ్తాడనే తేలింది ఇంట్లో. కంపెనీకి గోదారోడు గారు చెప్పినట్టే రాశాడు, జవాబు రాలేదింకా. వచ్చే వారం ఆ యూనివర్సిటీకి వెళ్తున్నాం. అక్కడ ఏమడగాలో చెప్పండి.

వీడియో_రూమ్_వంశీ
ఇవి అడగమనండి. హెడ్ కోచ్ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్ళుంది? గత మూడు నాలుగేళ్ళలో అక్కడ జీఏలుగా చేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? ఇది అన్నిటికన్నా ముఖ్యం. పేర్లు చెప్పగలిగితే ఆ కోచ్ తన కుర్రాళ్ళకోసం ఫోన్లు చేస్తాడని అర్థం, ఎందుకంటే ఈ రంగంలో తర్వాతి ఉద్యోగం ఫోన్ మీదే వస్తుంది. జనవరిలో కోచ్‌ల సంఘం ఏఎఫ్‌సీఏ సమావేశం జరుగుతుంది, అక్కడికి జీఏలని తీసుకెళ్తారా? పొజిషన్ మీటింగుల్లో కూర్చోనిస్తారా, లేక వీడియోకీ విమానాశ్రయం ట్రిప్పులకేనా? స్టైపెండ్ పన్నెండు నెలలా, తొమ్మిదా?

లెక్కల_మాస్టారు
మాస్టర్స్ దేంట్లో అన్నది వాణ్ణే ఎంచుకోనిస్తారా అడగండి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో తోసెయ్యనివ్వకండి, వీలుంటే డేటా ఎనలిటిక్స్ తీసుకోమనండి. రేపు మానేసినా చేతిలో పనికొచ్చే డిగ్రీ ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ 26 ఏళ్ళ దాకా మీ ప్లాన్‌లోనే ఉంచొచ్చు, అది వాళ్ళు ఇవ్వకపోయినా ఇప్పటికి గడుస్తుంది. కారు మాత్రం మంచిది ఇచ్చి పంపండి.

ఫ్రిస్కో_సుజాత
హెడ్ కోచ్‌ని మీరిద్దరూ కలవండి. ఆయన మీ అబ్బాయి పేరు సరిగ్గా పలుకుతున్నాడో లేదో గమనించండి.

ప్లేబుక్_పిచ్చోడు
మార్చి, ఏప్రిల్ అయితే స్ప్రింగ్ ప్రాక్టీసులు నడుస్తుంటాయి, మొత్తం 15కే అనుమతి ఉంటుంది. చివర్లో జనం కోసం పెట్టే స్ప్రింగ్ గేమ్‌కి కాకుండా మామూలు ప్రాక్టీసుకి వెళ్తామని అడగండి. వీలైతే మంగళవారమో గురువారమో, వాళ్ళు ఏ రోజంటే ఆ రోజు. కార్డులు పట్టుకున్న కుర్రాడు ఎక్కడున్నాడో చూసి, కోచ్‌లు వాడితో ఎలా మాట్లాడుతున్నారో వినండి.

ఒహాయో_శ్రీధర్
గురువారం రమ్మన్నారు. వెళ్ళొచ్చి రాస్తాను.